పద్దెనిమిది గుంటలు ఏడికి పోయాయి: బత్తాయి రైతుల లెక్క చీటీలు, ఒక మెయిల్ మెర్జ్ కేస్ స్టడీ

గత ఏప్రిల్‌లో ఒక పొద్దున షట్టర్ ఇంకా సగమే ఎత్తాను. కండువా భుజాన వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి కౌంటర్ మీద పరిచాడు.

"ఏం తమ్మీ, నాకు రెండెకరాల ఇరువై గుంటలుంటే, గీ కాయితంల రెండెకరాల రెండు గుంటలని రాసిన్రు. నా పద్దెనిమిది గుంటలు ఏడికి పోయినయ్?"

కాగితం నేను ప్రింట్ చేసిందే. అందులో 'విస్తీర్ణం: 2.2' అని ఉంది. ఎక్సెల్ తెరిచి చూపించాను. అక్కడ చక్కగా 2.20 అనే ఉంది. "మరి నీ కంప్యూటర్ల ఒకటి, నా చేతికి ఒకటా?" అన్నాడు. ఆయనకు వెంటనే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

నల్లగొండలో క్లాక్ టవర్‌కు కాస్త అవతల సందులో నాది చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం. పెళ్లి పత్రికలు, అఫిడవిట్లు, బడి పిల్లల సర్టిఫికెట్లు, ఎన్నికలప్పుడు కరపత్రాలు చేస్తుంటాను. వీటికి తోడు ఒక బత్తాయి రైతుల సంఘం సీజన్ అయ్యాక సభ్యులందరికీ లెక్క చీటీలు పంచాలనుకుంది. మార్కెట్లో ఇచ్చే అమ్మకం చీటీ, తక్‌పట్టీ లాగా ఎవరి పేరు మీద వాళ్లకు ఒక పేజీ. తోట ఎంత, కాయ ఎంత తూగింది, తరుగు ఎంత, రేటు ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్సు పోను చేతికి ఎంత. మొత్తం 612 మంది. సంఘం కార్యదర్శి ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చాడు. వర్డ్‌లో నమూనా ఉత్తరం చేసి, ఒక్కొక్కరి వివరాలు ఎక్సెల్ నుంచి అందులోకి వాటంతటవే నిండే మెయిల్ మెర్జ్ పెట్టి, ఒక్క సాయంత్రంలో ముగించాను. ప్రివ్యూలో మొదటి ఐదారు చూశాను, బాగానే ఉన్నాయి. అన్నీ కలిపి ప్రింట్ కొట్టాను. తప్పు అక్కడే జరిగింది, అది నాదే.

పెద్దాయన వెళ్లిన వారంలో కార్యదర్శి ఫోన్లు ఆగలేదు. ఒకరికి సర్వే నంబరు లేదు. ఒకరికి చెల్లింపు తేదీ ఇంకా రాని మే నెలలో పడింది. ఒకాయనకు 'మీకు చెల్లించవలసిన మొత్తం రూ. -4250' అని వెళ్లింది. చీటీలన్నీ వెనక్కి తెప్పించి, మళ్లీ మొదటి నుంచి చేశాను. రెండోసారి పట్టిన పది రోజుల కథే ఇది.

ఎక్సెల్ చూపించేది వేరు, ఇచ్చేది వేరు

ఎక్సెల్ గడిలో ఉన్న విలువ ఒకటి, దాని మీద కప్పిన ఫార్మాట్ ఇంకొకటి. 2.20లో నిజంగా ఉన్నది 2.2. చివరి సున్నా గడికి వేసిన చొక్కా. వర్డ్ వచ్చి విలువనే తీసుకుపోతుంది, చొక్కా గడి దగ్గరే వదిలేస్తుంది. పాత వర్డ్‌లో ఇలా ఉండేది కాదు. అప్పట్లో డీడీఈ అనే పద్ధతిలో గడిలో ఎలా కనిపిస్తే అలాగే వచ్చేది. వర్డ్ 2002 నుంచి మామూలుగా ఓఎల్‌ఈ డీబీ అనే దారి వాడుతున్నారు. ఇప్పటికీ సెట్టింగుల్లో డీడీఈ ఎంచుకోవచ్చు. నేనూ ప్రయత్నించాను. కానీ ఎక్సెల్ తెరిచే ఉంచాలి, మొదటి షీటు తప్ప ఇంకోటి చదవదు. దుకాణంలో రెండు సిస్టమ్‌ల మధ్య ఫైలు తిరుగుతుంటే అది కుదిరే పని కాదు.

మామూలు దారిలో ఇంకో వింత ఉంది. ఒక రైతుకు మూడు ట్రిప్పులు, ఒక్కోటి 1.1 టన్నులు. మొత్తం 3.3 రావాలి కదా. చీటీలో 3.3000000000000003 అని వచ్చింది. కంప్యూటర్ దశాంశాలను రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది కాబట్టి 1.1 దానికి కచ్చితంగా పట్టదు. ఎక్సెల్ మర్యాదగా ఆ తోకను దాస్తుంది, మెర్జ్ దాచదు.

దీనికి వర్డ్‌లోనే మందు ఉంది. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఫీల్డుల, అంటే ఎక్సెల్ వివరాలు వచ్చి కూర్చునే చోట్ల, అసలు కోడ్ కనిపిస్తుంది. మెర్జ్‌ఫీల్డ్ పేరు తర్వాత, మూసే బ్రాకెట్‌కు ముందు \# 0.00 అనే స్విచ్ చేర్చి, మళ్లీ ఆల్ట్ ఎఫ్9 నొక్కాలి. 2.2 కాస్తా 2.20 అవుతుంది. తూకానికి \# 0.000 పెట్టాను, తోక పోయింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేనూ ఆ రోజు ఆగిపోయేవాణ్నే. కానీ 2.20 సరిచేసిన ఉత్సాహంలో మిగతా విస్తీర్ణాల మీద కన్ను పడింది. ఒకచోట 1.75 అని ఉంది.

ఎకరానికి 40 గుంటలు. 75 గుంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

దశాంశం కాని చుక్క

ఈ కేసులో అన్నింటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే. మన దగ్గర 2.20 అని రాస్తే రెండు పాయింట్ రెండు కాదు, రెండెకరాల ఇరవై గుంటలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు, రెండు లెక్కల మధ్య గోడ. ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు.

ఆ ఫైలులోకి వివరాలను ముగ్గురు ఎక్కించారని తర్వాత తెలిసింది. ఒకరు పట్టాదారు పాస్‌బుక్ చూసి 2.20 అన్నారు. ఇంకొకరు రైతు నోటి మాట విని 'రెండున్నర' అంటే 2.5 కొట్టారు. మూడో మనిషి 2 ఎకరాల 5 గుంటలను కూడా 2.5 అనే కొట్టాడు, నిజానికి అది 2.05 కావాలి. అంటే ఒకే 2.5 ఒక వరుసలో 20 గుంటలు, ఇంకో వరుసలో 5 గుంటలు. వాటికి \# 0.00 తగిలిస్తే రెండూ 2.50 అవుతాయి. రెండూ తప్పే, చూడ్డానికి మాత్రం శుభ్రంగా ఉంటాయి. ముందు కనీసం వికారంగా కనిపించేది, అనుమానం వచ్చేది.

కూడిక అయితే ఇంకా దారుణం. ఒక రైతుకు రెండు సర్వే నంబర్లలో 1.25, 1.25 ఉన్నాయి. ఎక్సెల్ 2.50 చూపించింది. నిజంగా 25, 25 కలిస్తే 50 గుంటలు, అంటే ఒక ఎకరం 10 గుంటలు. మొత్తం 3 ఎకరాల 10 గుంటలు. ఈ తప్పును ఏ ఫార్మాట్ స్విచ్చీ పట్టుకోదు.

చుక్క తర్వాతి దశాంశ భాగాన్ని వంద పెట్టి గుణించి, 39 దాటినవన్నీ వడపోశాను. 37 వరుసలు దొరికాయి. అవి తప్పని ఎలాగూ తేలిపోయింది. 2.1, 2.2, 2.3 అనే వాటితోనే భయం. అవి 10, 20, 30 గుంటలు కావచ్చు, 1, 2, 3 గుంటలు కావచ్చు. కార్యదర్శిని కూర్చోబెట్టి పాస్‌బుక్ జిరాక్సులతో ఒక్కొక్కటి సరిచూశాం. "అన్నా, ఇంత పని ఉంటదని తెలిస్తే చేత్తోనే రాయిస్తుంటిమి" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చేత్తో రాసే మనిషి 2.2 అని ఎప్పుడూ రాయడు, 2-20 అని గీత పెడతాడు.

చివరికి విస్తీర్ణాన్ని రెండు కాలమ్‌లుగా చీల్చాను: ఎకరాలు, గుంటలు. రెండూ పూర్తి అంకెలే, చుక్క ఎక్కడా లేదు. కూడాల్సి వస్తే అంతా గుంటల్లోకి మార్చి, 40తో భాగించి, భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు. చీటీలో వేయడానికి మూడో కాలమ్ ఒకటి, అది పూర్తిగా అక్షరాలే: '2 ఎకరాల 20 గుంటలు'.

ఈ మూడో కాలమ్‌కు ఫార్ములా రాస్తుంటే తెలుగు అడ్డం పడింది. గుంటలు ఉంటే '2 ఎకరాల 20 గుంటలు', లేకపోతే '2 ఎకరాలు'. ఒక్కటే అయితే 'ఎకరాలు' కాదు, 'ఎకరం'. ఒకే గుంట అయితే 'గుంట'. ఎకరం లోపు ఉన్నవాళ్లకు '0 ఎకరాల 30 గుంటలు' అని రాస్తే వెక్కిరించినట్టే, '30 గుంటలు' అంటే చాలు. ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్. ఒక్క వాక్య ఖండానికి అన్ని షరతులు రాయాల్సి వచ్చింది.

సర్వే నంబర్లు

ఇవి పేరుకే నంబర్లు. 123 అని ఒకటి ఉంటుంది, దాని కింద 123/ఆ అని ఇంకొకటి. వర్డ్‌కు, ఎక్సెల్‌కు మధ్య కూర్చునే డ్రైవరు మామూలుగా మొదటి 8 వరుసలు చూసి, కాలమ్‌లో ఉన్నవి అంకెలా అక్షరాలా అని తీర్పు ఇచ్చేస్తుంది. మా ఫైలులో మొదటి 8 మందివి ఒట్టి అంకెలే. అంతే, కింద ఉన్న 123/ఆ లాంటివన్నీ ఖాళీగానో సున్నాగానో వచ్చాయి. నేను ప్రివ్యూ చూసింది కూడా ఆ మొదటి కొందరివే కదా.

ఇంకా నవ్వు తెప్పించేది 12/3. మా సిస్టమ్ అమెరికా సెట్టింగులో ఉంది, ఎక్సెల్ దాన్ని డిసెంబరు 3 చేసేసింది. ఒకసారి తేదీ అయ్యాక లోపల ఉండేది ఐదంకెల రోజుల లెక్క. ఆ గడిని టెక్స్ట్‌గా మార్చితే ఆ ఐదంకెలే బయటపడతాయి, 12/3 తిరిగి రాదు. కాబట్టి కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి, ఆ తర్వాత టైపు చేయాలి. ఆ గడులన్నీ మళ్లీ కొట్టించాను.

బ్యాంకు ఖాతాలదీ ఇదే దారి. ముందు సున్నాలు రాలిపోయాయి. 15 అంకెలు దాటిన ఖాతాకైతే ఎక్సెల్ 16వ అంకెను సున్నా చేసేస్తుంది, ఫిర్యాదు కూడా చేయదు. అయినా చీటీ మీద పూర్తి ఖాతా నంబరు ఎందుకు? చివరి నాలుగు అంకెలు వేసి ముందు గుణకారం గుర్తులు పెట్టాం.

ఈ పని చేస్తూ నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. కాలమ్‌ను చూసి 'దీన్ని ఎవరైనా ఎప్పుడైనా కూడుతారా?' అని అడుగుతాను. ఫోన్ నంబర్లను, పిన్‌కోడ్‌లను, సర్వే నంబర్లను ఎవరూ కూడరు. అలాంటివి అంకెల్లా కనిపించే అక్షరాలు. తూకం, డబ్బులు నిజమైన అంకెలు. విస్తీర్ణం ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అందుకే అంత ఏడిపించింది.

డబ్బులు, లక్షలు, తేదీలు

డబ్బుల దగ్గర ముందు రౌండ్ చేసి, తర్వాతే అందం. ఫార్మాట్‌తో పైసలు దాచితే విలువలో అవి అలాగే ఉంటాయి. మూడు వరుసల్లో దాక్కున్న పైసలు కలిసి మొత్తంలో ఒక రూపాయి తేడా చూపిస్తాయి, రైతు ఆ రూపాయినే అడుగుతాడు. రౌండ్ ఫంక్షన్‌తో విలువనే పూర్తి రూపాయి చేశాను.

కామాలు ఇంకో తలనొప్పి. మా సిస్టమ్‌లో \# #,##0 పెడితే 125,600 అని వచ్చింది. మనకు కావలసింది 1,25,600. విండోస్ ప్రాంతాన్ని ఇండియాకు మార్చితే ఎక్సెల్ లక్షల కామా పెడుతుంది. కానీ ఫైలు ఇంకో మిషన్‌కు వెళ్తే మళ్లీ మొదటికి. అందుకే ఎక్సెల్‌లోనే టెక్స్ట్ ఫంక్షన్‌లో ఈ ఫార్మాట్ పెట్టి, వచ్చిన అక్షరాల కాలమ్‌ను మెర్జ్‌కు ఇచ్చాను:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

మూడు భాగాలే పడతాయి కాబట్టి మైనస్ మొత్తాలకు ఇందులో చోటు లేదు, అవి వేల కామాతోనే వస్తాయి. నాకు ఆ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే మైనస్‌నే తీసేశాను. అడ్వాన్సు ఎక్కువ తీసుకుని, కాయ తక్కువ వచ్చిన రైతుకు 'మీకు చెల్లించవలసిన మొత్తం రూ. -4,250' అని పంపడం ఏ రకంగానూ మర్యాద కాదు. ఆ గుర్తు చూసి తనకే నాలుగు వేలు వస్తాయని అనుకున్నవాళ్లూ ఉన్నారు. మొత్తం సున్నాకన్నా తక్కువైతే వాక్యమే మారేట్టు చేశాను: 'మీ నుంచి సంఘానికి రావలసినది రూ. 4,250'. సరిగ్గా సున్నా అయితే 'లెక్క సరిపోయింది'. అంకె మారితే దాని చుట్టూ ఉన్న వాక్యం కూడా మారాలి. నేను మొదటిసారి నమూనా చేసినప్పుడు ఇది అసలు ఆలోచించలేదు.

అక్షరాల్లో మొత్తం కూడా కావాలన్నారు. వర్డ్‌లో కార్డ్‌టెక్స్ట్ అనే స్విచ్ ఉంది, అంకెను ఇంగ్లిష్ మాటల్లో రాస్తుంది. 1,25,600ను 'వన్ హండ్రెడ్ ట్వెంటీ ఫైవ్ థౌజండ్ సిక్స్ హండ్రెడ్' అంటుంది, లక్ష అనే మాట దానికి రాదు. 9,99,999 దాటితే ఎర్రర్ ఇస్తుంది. తెలుగులో కావాలంటే మనమే చేసుకోవాలి. ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు ఒక పట్టిక టైపు చేసి, లక్షలు, వేలు, వందలు విడగొట్టి అతికించాను. ఇక్కడా మన భాష ఊరుకోదు. ఒట్టి 100 అయితే 'వంద', వెనక ఇంకేదైనా ఉంటే 'నూట'. లక్ష తర్వాత ఏమైనా ఉంటే 'లక్షా'. మొదటి ప్రయత్నంలో 1,116కు 'ఒకటి వేల ఒకటి వందల పదహారు' అని వచ్చింది. పెళ్లి చదివింపులు ఎలా చదువుతారో తెలిసిన ఎవరైనా 'వెయ్యి నూట పదహారు' అనకుండా ఉండగలరా? 1కి, 100కి, 1000కి, లక్షకు ప్రత్యేకంగా గడులు పెట్టాక గానీ సరిగా చదవలేదు.

తేదీ: మార్చి 5న చెల్లించినది 3/5/2025 అని వచ్చింది. మన రైతు దాన్ని మే 3 అని చదివాడు, తప్పేముంది? తేదీకి బ్యాక్‌స్లాష్, ఎట్ గుర్తు ఉన్న స్విచ్ వాడాలి, అందులో నెలకు ఎం అక్షరాలు పెద్దవి ఉండాలి. చిన్న ఎం అంటే నిమిషాలు. నాకు ఒకసారి 05-00-2025 అని వచ్చింది, నెల స్థానంలో సున్నా నిమిషాలు. చివరికి ఎక్సెల్‌లోనే '5 మార్చి 2025' అని అక్షరాల్లో తయారుచేసి ఇచ్చాను. 5.3.2025 అని చుక్కలతో కొట్టినవి అసలు తేదీలే కావు, ఒట్టి అక్షరాలు. వాటిని విడిగా దిద్దాల్సి వచ్చింది.

పేర్లు, ఊళ్లు

సంఘం పాత జాబితాలో సగం పేర్లు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు కనిపించినా లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. నా నమూనా ఒక ఇంగ్లిష్ ఉత్తరం నుంచి తీసుకున్నది, అందులో పేరు ఫీల్డుకు అన్నీ పెద్దక్షరాలు చేసే అప్పర్ స్విచ్ ఉండిపోయింది. అది సంకేతాలను పెద్దక్షరాలు చేయగానే తెలుగు ముద్ర మొత్తం ఇంకో అక్షరాలైపోయింది. చూస్తే ఏ భాషో తెలియదు. స్విచ్ తీసేసి, పేర్లన్నీ యూనికోడ్‌కు, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతికి మార్చి, కన్వర్టర్ తినేసిన వత్తుల కోసం కార్యదర్శి పైకి చదువుతుంటే నేను దిద్దాను.

విభక్తులు ఇంకో సంగతి. పేరు ఫీల్డు పక్కన 'కు' అని పెట్టాననుకోండి, 'రాములుకు' బాగుంటుంది, 'లక్ష్మికు' బాగుండదు, 'లక్ష్మికి' కావాలి. 'గారికి' పెడితే ఎవరి పేరైనా ఇమిడిపోతుంది. గౌరవానికి గౌరవం, వ్యాకరణానికి వ్యాకరణం. ఊరికి అంత సులువు లేదు. 'లోని మీ తోట నుంచి' అని ఊరి ఫీల్డు పక్కన అతికించి రాశాను. తిప్పర్తి, చిట్యాల చక్కగా వచ్చాయి. కనగల్ మాత్రం 'కనగల్లోని' అయింది, పోనీ అది చదవొచ్చు. కట్టంగూర్ దగ్గర 'ర్' కింద లావత్తు పడి 'కట్టంగూర్లోని' అయింది. పొల్లు అక్షరం పక్కన హల్లు వస్తే యూనికోడ్ కలిపేస్తుంది. మధ్యలో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడితే విడిపోతుంది, కానీ అచ్చుతో ముగిసే ఊళ్లకు అది అనవసరం. వాక్యాన్నే మార్చేశాను: 'ఊరు: కట్టంగూర్'. విభక్తి లేదు, గొడవ లేదు.

జిల్లా పేరు కూడా చూసుకోవాల్సి వచ్చింది. నేను నమూనాలో 'నల్లగొండ జిల్లా' అని ఒకేసారి టైపు చేసి పడేశాను. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక తుంగతుర్తి సూర్యాపేటకు, రామన్నపేట యాదాద్రి భువనగిరికి వెళ్లాయి. పాత సభ్యుల్లో ఆ వైపు వాళ్లు కొందరున్నారు. జిల్లా కూడా ఒక కాలమ్ అయింది.

పేరులో మొదటి ముక్క మాత్రమే బోల్డ్‌గా వస్తున్న చీటీలు చూసి ఒకరోజు జుట్టు పీక్కున్నాను. అది మెర్జ్‌ఫార్మాట్ స్విచ్ పని. ముందున్న ఫలితంలో ఏ మాట ఎలా ఉందో గుర్తుపెట్టుకుని, తర్వాతి పేరుకూ అలాగే వేస్తుంది. స్విచ్ తీసేసి, ఫీల్డు మొత్తం సెలెక్ట్ చేసి బోల్డ్ పెట్టాను. ఫాంట్ బాక్సులో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే చోట కూడా అదే ఫాంటు ఇవ్వాలి, లేకపోతే పేరొక్కటే వేరే ఫాంటులో వస్తుంది.

రెండోసారి ప్రింట్

ఈసారి మొదటి ఐదు చూడలేదు. ఏరి పది మందిని తీశాను: అన్నింటికంటే పొడవు పేరు, అన్నింటికంటే చిన్న పేరు, లక్ష దాటిన మొత్తం, బాకీ ఉన్న రైతు, సరిగ్గా సున్నా, గుంటలు లేని ఎకరాలు, ఎకరం లోపు తోట, 12/3 సర్వే నంబరు, కట్టంగూర్ రైతు, ఖాతా నంబరు ఇవ్వని మనిషి. ఈ పదీ ప్రింట్ తీసి కార్యదర్శితో పైకి చదివించాను. ఖాతా ఇవ్వని మనిషి చీటీలో గుణకారం గుర్తులు మాత్రమే వచ్చాయి, అంకెలు లేవు. అక్కడ 'ఖాతా వివరాలు అందలేదు' అని వచ్చేట్టు చేశాం. తర్వాత మొత్తం మెర్జ్ చేస్తే 612 బదులు 640 పేజీలు వచ్చాయి. జాబితా కింద ఎవరో స్పేస్ బార్ నొక్కి వదిలేసిన 28 ఖాళీ వరుసలు. తీసేశాను.

పెద్దాయన చీటీ నేనే తీసి పెట్టి, సంతకు వచ్చినప్పుడు ఇచ్చాను. '2 ఎకరాల 20 గుంటలు' మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. తర్వాత కిందికి వచ్చి తరుగు దగ్గర ఆగాడు. "గిది మాత్రం నువ్వు దిద్దలేదా?" అన్నాడు. కాంటా చీటీలో ఎంతుందో అంతే వేశామని చెప్పాను. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, సంఘం ఆఫీసు ఎటు అని అడిగి వెళ్లాడు.

కొత్త సీజన్ ఫైలు మొన్ననే వచ్చింది. ఎకరాలు, గుంటలు విడిగా ఉన్నాయి. గుంటల కాలమ్‌లో ఒకచోట 'అర' అని ఉంది.